జీవవైవిధ్య చట్టాన్ని మార్చేముందు ఎవరిని అడిగారు?

పార్లమెంటులో పెట్టే ప్రతి బిల్లు చివర ‘ఉద్దేశాలు, కారణాలు’ అని ఒక ప్రకటన ఉంటుంది. అది చట్టంలో భాగం కాదు, దాని మీద ఓటింగ్ ఉండదు. అందుకే చాలామంది ఆ పేజీ జోలికి పోరు. కానీ ఒక బిల్లు ఎవరి మాట మీద పుట్టిందో తెలుసుకోవాలంటే ముందు చదవాల్సింది దాన్నే. 2021 డిసెంబర్ 16న లోక్‌సభ ముందుకొచ్చిన జీవవైవిధ్య సవరణ బిల్లులో ఆ ప్రకటన విషయాన్ని దాచలేదు. భారతీయ వైద్య విధానాల రంగం, విత్తన రంగం, పరిశ్రమలు, పరిశోధన రంగం తమ ఇబ్బందులు చెప్పుకున్నాయని, నిబంధనల భారం తగ్గించమని కోరాయని, అందుకే సవరణ తెస్తున్నామని దాని సారాంశం.

ఆ వరుసలో నల్లమలలో తపసి బంక సేకరించే చెంచులు లేరు. పాత పంటల విత్తనాలను ఏటేటా దాచి, పది మందికీ పంచే మహిళా రైతులు లేరు. ఏ చెట్టు వేరు ఏ జ్వరానికి పని చేస్తుందో తాతల దగ్గర నేర్చుకున్న నాటు వైద్యులు లేరు. 2002 నాటి మూల చట్టంలో సగం సంగతి వీళ్ళ గురించే. వీళ్ళ దగ్గరున్న మొక్కలతో, తెలివితో ఎవరైనా వ్యాపారం చేస్తే అందులో కొంత వీళ్ళకు తిరిగి రావాలన్నది ఆ చట్టం పెట్టిన నియమం. ఆ నియమాన్ని సడలించే ముందు వీళ్ళ దగ్గరికి ఎవరైనా వచ్చి అడిగారా అన్నదే ఇక్కడ ప్రశ్న. పరిశ్రమలు తమ కష్టం చెప్పుకోవడంలో తప్పేమీ లేదు, అది వాళ్ళ హక్కు. రెండో పక్షానికి ఆ అవకాశం ఎప్పుడు, ఏ భాషలో, ఏ రూపంలో వచ్చిందో చూస్తే మన దేశంలో ప్రజాభిప్రాయ సేకరణ ఎలా జరుగుతోందో బాగా అర్థమవుతుంది.

పసుపు నుంచి మొదలైన చట్టం

పసుపుకు గాయాలు మాన్పే గుణం ఉందంటూ 1995లో అమెరికాలో ఒక పేటెంట్ ఇచ్చారు. మన సీఎస్ఐఆర్ (కేంద్ర శాస్త్ర, పారిశ్రామిక పరిశోధన మండలి) పోరాడి 1997లో దాన్ని రద్దు చేయించింది. వేప నూనె మీద యూరప్‌లో ఇచ్చిన పేటెంట్ 2000లో రద్దయింది. ప్రతి ఇంట్లో అమ్మమ్మలకు తెలిసిన సంగతిని ఎవరో తమ ఆవిష్కరణ అనుకుని కాగితం రాయించుకోవడం చూసి దేశం ఉలిక్కిపడింది. అప్పటికే 1992లో రియోలో జీవవైవిధ్య ఒప్పందం కుదిరింది, 1994లో భారత్ దాన్ని ఆమోదించింది. ఒక దేశంలోని జీవవనరుల మీద హక్కు ఆ దేశానిదే అని ఆ ఒప్పందం గుర్తించింది. దాని ప్రకారం 2002 డిసెంబర్‌లో పార్లమెంటు జీవవైవిధ్య చట్టం చేసింది.

చట్టం మూడంచెల ఏర్పాటు చేసింది. పైన చెన్నై కేంద్రంగా జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థ, మధ్యలో రాష్ట్ర జీవవైవిధ్య మండళ్ళు, అడుగున ప్రతి పంచాయతీలో, మున్సిపాలిటీలో ఒక జీవవైవిధ్య యాజమాన్య కమిటీ. ఈ కమిటీ ఊళ్ళోని చెట్లు, పుట్టలు, పశువుల జాతులు, చేపలు, పాత విత్తనాలు, వాటిని వాడే పద్ధతులు అన్నీ రాసి ఒక రిజిస్టర్ తయారు చేయాలి. దాన్నే ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్ అంటారు.

డబ్బు విషయం 2014 నవంబర్ మార్గదర్శకాలతో స్పష్టమైంది. జీవవనరులతో సరుకు తయారు చేసి ఏడాదికి రూ.3 కోట్లకు మించి అమ్మే సంస్థ ఆ అమ్మకాల్లో 0.5 శాతం ఇచ్చే పద్ధతి పెట్టారు. పన్నులు తీసేశాక రూ.10 కోట్ల అమ్మకాలుంటే అప్పటి లెక్కలో రూ.5 లక్షలు. అందులో పెద్ద వాటా వనరు ఎక్కడి నుంచి వచ్చిందో ఆ ఊరి కమిటీకి లేదా అక్కడి జనానికి చేరాలి.

ఇది విదేశీ కంపెనీలకే వర్తిస్తుంది, మాకు కాదు అని దేశీయ సంస్థలు వాదించాయి. ఉత్తరాఖండ్ రాష్ట్ర మండలి అడిగిన వాటా మీద దివ్య ఫార్మసీ అనే ఆయుర్వేద మందుల సంస్థ కోర్టుకు వెళ్ళింది. 2018 డిసెంబర్ 21న ఉత్తరాఖండ్ హైకోర్టు తీర్పు చెప్పింది: దేశీయ సంస్థలు కూడా వాటా ఇవ్వాల్సిందే, ఎందుకంటే కొండ కోనల్లో తరతరాలుగా ఆ మొక్కల్ని, వాటి తెలివిని కాపాడుకొచ్చిన వాళ్ళకు అది చెందాలి. ఆ తీర్పు తర్వాత మూలికల పరిశ్రమలో టెన్షన్ పెరిగింది. సవరణ కోసం వచ్చిన ఒత్తిడిని ఈ నేపథ్యంలోనే చూడాలి.

పుస్తకంలో ఉన్న మందు, పుస్తకంలో లేని మందు

సవరణలో చాలా మార్పులున్నాయి. పాత చట్టంలో ఉల్లంఘనకు ఐదేళ్ళ దాకా జైలు ఉండేది. ఇప్పుడు జైలు లేదు, రూ.లక్ష నుంచి రూ.50 లక్షల దాకా జరిమానా మాత్రమే, తప్పు కొనసాగిస్తే అదనంగా మరికొంత. సాగు చేసిన ఔషధ మొక్కలకు మినహాయింపు వచ్చింది, అయితే అవి సాగు చేసినవే అని ఊరి కమిటీ నుంచి ధ్రువపత్రం ఉండాలి. వీటి మీద రెండు వైపులా వాదనలున్నాయి. చిన్న చిన్న తప్పులకు జైలు భయం పెట్టడం వల్ల పరిశోధకులు వెనకాడతారన్న మాటలో కొంత నిజం ఉంది. మూలికల సాగు పెరిగితే అడవి మీద ఒత్తిడి తగ్గుతుందన్నదీ నిజమే.

అన్నిటికంటే లోతైన మార్పు మరొకటుంది. గ్రంథస్థ సంప్రదాయ జ్ఞానాన్ని వాడే దేశీయ సంస్థలకు మినహాయింపు ఇచ్చారు. అంటే పుస్తకాలకెక్కిన వైద్యం వాడుకుంటే ఎవరికీ వాటా ఇవ్వక్కర్లేదు.

బిల్లు ప్రవేశపెట్టినప్పుడు ఈ మాటకు నిర్వచనమే లేదు. ఏ పుస్తకం? ఎవరు రాసింది? ఒక పరిశోధకుడు అడవికి వెళ్ళి, ఓ పెద్దమనిషిని అడిగి, నాలుగు మొక్కల పేర్లు తన పత్రంలో అచ్చు వేస్తే అది గ్రంథస్థమైనట్టేనా? ఊరి కమిటీ రిజిస్టర్‌లో రాసుకున్నది కూడా గ్రంథమేనా? ఈ ప్రశ్నలన్నీ లేచాయి. చివరికి చట్టంలో నిర్వచనం చేరింది. 1940 నాటి డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉన్న ప్రామాణిక గ్రంథాల నుంచి వచ్చిన జ్ఞానం మాత్రమే గ్రంథస్థం. ప్రశ్నలు అడిగితే ఫలితం ఉంటుందనడానికి ఇది మంచి ఉదాహరణ. ఈ ఒక్క వాక్యం లేకపోతే ఊరి రిజిస్టర్ ఊరికే శత్రువయ్యేది.

అయినా సమస్య తీరలేదు. ఆ షెడ్యూల్‌లో చరక సంహిత, సుశ్రుత సంహితలతో పాటు తెలుగు నేల మీద పుట్టిన బసవరాజీయం కూడా ఉంది. వందల ఏళ్ళ క్రితం వైద్యులు ఆ మందుల యోగాలను ఎక్కడి నుంచి సేకరించి ఉంటారు? ఊళ్ళల్లో, అడవుల్లో జనం వాడుతున్న వాటి నుంచి కూడా కదా. ఆ జనం వారసులు ఇప్పటికీ అదే మొక్కను అదే జబ్బుకు వాడుతున్నారు, అడవి నుంచి తెచ్చి అమ్ముతున్నదీ వాళ్ళే. ఒకే తెలివి రెండు చోట్ల బతుకుతోంది, ఒకటి పుస్తకంలో, ఒకటి మనిషిలో. పుస్తకం చూపించిన కంపెనీ వాటా ఇవ్వక్కర్లేదు. అదే మొక్కను పుస్తకం లేని మనిషి దగ్గర నేర్చుకుంటే ఇవ్వాలి. ఇక ఏ కంపెనీ అయినా పుస్తకమే చూపిస్తుంది.

కేరళలో కాణి గిరిజనుల అనుభవం ఈ తేడాను బాగా చూపిస్తుంది. 1987లో అగస్త్యమలై అడవుల్లో పరిశోధకులకు దారి చూపించిన కాణి యువకులు అలసట రాకుండా ఒక చిన్న కాయ నములుతూ కనిపించారు. ఆ మొక్కను వాళ్ళు ఆరోగ్యపచ్చ అంటారు. దాన్ని ఆధారం చేసుకుని తిరువనంతపురంలోని ఉష్ణమండల వృక్షోద్యాన పరిశోధన సంస్థ జీవని అనే మందు తయారు చేసి, తయారీ హక్కును ఒక ఆయుర్వేద కంపెనీకి ఇచ్చింది. లైసెన్స్ ఫీజులో, రాయల్టీలో సగం కాణి ప్రజలకు చేరేలా ఏర్పాటు జరిగింది. అప్పటికి ఇలాంటి చట్టమే లేదు. లోపాలు ఎన్నున్నా, తెలివి ఇచ్చిన మనిషికి వాటా ఇవ్వడం సాధ్యమే అని ప్రపంచమంతా ఆ ఉదాహరణను చెప్పుకుంది. ఆ కాయ గుణం ఏదైనా పాత గ్రంథంలో రాసి ఉన్నట్టయితే, ఇప్పటి చట్టం కింద ఒక దేశీయ కంపెనీ కాణి ప్రజలకు పైసా ఇవ్వాల్సిన పని ఉండేది కాదు.

బేరం కుదిర్చే తీరు కూడా మారింది. వాటా షరతుల్ని పాత చట్టంలో దరఖాస్తుదారు, స్థానిక సంస్థలు, హక్కుదారులు కలిసి ఒప్పుకోవాలి. ఇప్పుడు ఊరి కమిటీ తరఫున జాతీయ సంస్థే మాట్లాడుతుంది. పెద్ద కంపెనీతో బేరమాడే శక్తి చిన్న పంచాయతీకి లేదు కాబట్టి ఇది మేలే అనొచ్చు. కానీ తన తరఫున ఎవరు మాట్లాడాలో ఊరిని అడగాలి కదా.

అభిప్రాయం అడిగిన తీరు

చట్టాలు చేసేముందు జనాన్ని అడగాలని కేంద్ర ప్రభుత్వమే 2014లో ఒక విధానం పెట్టుకుంది. కార్యదర్శుల కమిటీ జనవరిలో నిర్ణయించి, ఫిబ్రవరిలో అన్ని మంత్రిత్వ శాఖలకూ పంపింది. దాని ప్రకారం ముసాయిదాను కనీసం 30 రోజులు ప్రజల ముందు ఉంచాలి. ఆ చట్టం ఎందుకు కావాలో, ఖర్చెంతో, పర్యావరణం మీద, ప్రాథమిక హక్కుల మీద, సంబంధిత జనం బతుకుల మీద ఏ ప్రభావం పడుతుందో వివరించాలి. ఒక వర్గం మీద ప్రత్యేకంగా ప్రభావం పడేటట్టయితే ఆ వర్గానికి చేరేలా ప్రచారం చేయాలి. వచ్చిన అభిప్రాయాల సారాంశాన్ని, వాటికి శాఖ ఇచ్చిన జవాబును వెబ్‌సైట్‌లో పెట్టాలి. చదవడానికి ఎంత బాగుందో! లోపం ఒక్కటే, ఇది విధానం మాత్రమే, చట్టం కాదు. పాటించకపోతే అడిగే కోర్టు లేదు.

జీవవైవిధ్య సవరణ బిల్లును ఈ పద్ధతిలో ముందుగా ప్రజల ముందు పెట్టలేదని పర్యావరణ న్యాయవాదుల సంస్థలు అప్పుడే విమర్శించాయి. ప్రవేశపెట్టిన నాలుగు రోజులకే, డిసెంబర్ 20న, బిల్లు పార్లమెంటు సంయుక్త కమిటీకి వెళ్ళింది. పర్యావరణం మీద అప్పటికే ఒక స్థాయీ సంఘం ఉంది. దాని అధ్యక్షుడు జైరాం రమేశ్ తమను కాదని కొత్త కమిటీ ఎందుకని అభ్యంతరం చెప్పారు. సంజయ్ జైస్వాల్ అధ్యక్షతన 31 మంది ఎంపీల సంయుక్త కమిటీ సూచనలు తీసుకుని, 2022 ఆగస్టు 2న నివేదిక ఇచ్చింది. 2023 జులై 25న లోక్‌సభ, ఆగస్టు 1న రాజ్యసభ బిల్లును ఆమోదించాయి. 2024 ఏప్రిల్ 1 నుంచి సవరణ అమల్లోకి వచ్చింది.

ఎన్నికైన సభ్యులు నెలల తరబడి పరిశీలించారు కదా, ఇంకేం కావాలి అని ఎవరైనా అడగొచ్చు. ఆ పరిశీలన వృథా పోలేదు, నిర్వచనం విషయంలో చూశాం. అయినా కమిటీ పద్ధతికి రెండు పరిమితులున్నాయి. బిల్లు ఒకసారి సభలో పెట్టాక దాని వెన్నెముక మారడం చాలా అరుదు. కమిటీ చేతిలో ఉండేది పదాలు సరిదిద్దడం, కొత్తగా ఒకటీ అరా షరతులు చేర్చడం. మినహాయింపు ఇవ్వాలా వద్దా అన్న అసలు ప్రశ్న అప్పటికే తేలిపోయి ఉంటుంది. రెండోది, సూచనలు పిలుస్తూ పార్లమెంటు కమిటీలు ఇచ్చే ప్రకటనల్లో సాధారణంగా ఒక వాక్యం ఉంటుంది: పంపిన వినతిపత్రాలు కమిటీ రికార్డుల్లో భాగం, వాటిని గోప్యంగా ఉంచుతారు. దీనివల్ల ఒక కంపెనీ ఏం కోరిందో నాటు వైద్యుల సంఘానికి తెలియదు, సంఘం ఏం రాసిందో పక్క రాష్ట్రంలోని రైతు సంఘానికి తెలియదు. ఎవరి కాగితం వాళ్ళు రాసి పంపుతారు. ఒకరి వాదనకు ఇంకొకరు జవాబు చెప్పుకునే వీలే ఉండదు. అభిప్రాయ సేకరణలో ఇది చాలా పెద్ద లోటు.

ఏ భాషలో అడిగారన్నది మరో సంగతి. 2020 మార్చిలో ప్రాజెక్టుల పర్యావరణ ప్రభావ అంచనా నిబంధనల ముసాయిదా వచ్చినప్పుడు ఈ గొడవ కోర్టుకెక్కింది. లాక్‌డౌన్ మొదలైన రోజులవి. ముసాయిదా ఇంగ్లీషులో, హిందీలో ఉంది. ఢిల్లీ హైకోర్టు జూన్ 30న అభిప్రాయాల గడువును ఆగస్టు 11 దాకా పెంచి, ముసాయిదాను రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్‌లోని 22 భాషల్లోకి అనువదించమని చెప్పింది. కేంద్రం ఆ ఆదేశాన్ని అమలు చేయడానికి బదులు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. ఇంత పెద్ద దేశంలో పదుల పేజీల పత్రాన్ని తెలుగులోకి, తమిళంలోకి, సంతాలీలోకి మార్చడం అంత కష్టమైన పనేం కాదు. చెంచుల, కోయల, సవరల మాటల్లో కనీసం నోటితో వివరించడం కూడా అసాధ్యం కాదు.

అనువాదం వల్ల ఇంకో మేలు కూడా ఉంది. ఇంగ్లీషులో ఆ మినహాయింపు నాలుగు బరువైన పదాల కింద దాక్కుని ఉంది. దాన్నే ‘పుస్తకంలో ఉన్న మందుకు వాటా లేదు, పుస్తకంలో లేని మందుకే వాటా’ అని తెలుగులో చెప్పి చూడండి. ఏ ఊళ్ళో అయినా వెంటనే ఎవరో ఒకరు ‘మరి మా మందు పుస్తకంలో ఉందో లేదో మాకెట్లా తెలుస్తుంది?’ అని అడుగుతారు. ఆ ప్రశ్నకు ఇప్పటికీ ఊరి స్థాయిలో జవాబు చెప్పే ఏర్పాటు లేదు.

ఎద్దుల బండ్ల మీద కదిలిన అభిప్రాయం

ఇంత పెద్ద దేశంలో అడవిలో ఉన్న మనిషిని కూడా అడగడం అయ్యే పనేనా అన్న సందేహానికి ఇరవై ఏళ్ళ క్రితమే జవాబు దొరికింది. 2000 నుంచి 2003 దాకా జాతీయ జీవవైవిధ్య వ్యూహం, కార్యాచరణ ప్రణాళిక తయారీ జరిగింది. పర్యావరణ మంత్రిత్వ శాఖ ఆ బాధ్యతను పుణె, ఢిల్లీల్లో పనిచేసే కల్పవృక్ష్ సంస్థ సమన్వయానికి అప్పగించింది. ఢిల్లీలో కూర్చుని ఒకే పత్రం రాసే పద్ధతిని వాళ్ళు పక్కన పెట్టారు. రాష్ట్రాల స్థాయిలో, ప్రాంతాల స్థాయిలో, అంశాల వారీగా 70కి పైగా ప్రణాళికలు విడివిడిగా తయారయ్యాయి. బహిరంగ సభలు, సైకిల్ యాత్రలు, జీవవైవిధ్య జాతరలు జరిగాయి. వేలాది మంది పాల్గొన్నారు.

అందులో దక్కన్ ప్రాంత ప్రణాళిక మన జహీరాబాద్ పల్లెల్లో తయారైంది. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే స్వచ్ఛంద సంస్థ మహిళా సంఘాలు ఎద్దుల బండ్లను అలంకరించి, వాటి మీద కొర్రలు, సామలు, జొన్నలు, పప్పు ధాన్యాల పాత విత్తనాలు పెట్టుకుని ఊరూరా తిరిగాయి. సంక్రాంతి నాడు మొదలై నెల రోజుల దాకా సాగే ఆ పాత పంటల జాతర ఆ తర్వాతా కొనసాగుతూ వచ్చింది. బండి ఆగిన ప్రతి ఊళ్ళో పూజ, పాట, ఆ తర్వాత కూర్చుని మాట. ఏ పంట పోయింది, ఎందుకు పోయింది, ఏది తిరిగి రావాలి, రావాలంటే సర్కారు ఏం చేయాలి. చదువు రాని ఆడవాళ్ళు విత్తనం చేతిలో పట్టుకుని మాట్లాడారు. కాగితం ముందు బిగుసుకుపోయే మనిషి కూడా గుప్పెడు గింజల ముందు గంటసేపు చెబుతుంది. అభిప్రాయం తీసుకునే రూపం మనిషికి తగ్గట్టు ఉంటే ఏం జరుగుతుందో తెలియాలంటే జహీరాబాద్‌ను చూడాలి.

ఆ కథ ముగింపు మాత్రం బాధ కలిగిస్తుంది. ఇంత శ్రమతో తయారైన తుది నివేదికను మంత్రిత్వ శాఖ తనదిగా ఒప్పుకోలేదు. చూసి చూసి 2005లో కల్పవృక్ష్ దాన్ని తానే అచ్చు వేసింది. 2008లో ప్రభుత్వం వేరే జాతీయ కార్యాచరణ ప్రణాళిక విడుదల చేసింది. ఊరూరా చెప్పిన మాటల్లో ఏది తీసుకున్నారు, ఏది వదిలేశారు, ఎందుకు వదిలేశారు అన్న జవాబు ఆ బండ్ల దారిలో తిరిగి రాలేదు. అడగడం ఎంత గొప్పగా జరిగినా, జవాబు రాకపోతే మరుసటిసారి బండి వచ్చినప్పుడు జనం ఎందుకు కూర్చోవాలి?

జవాబు చెప్పిన సందర్భం కూడా ఒకటుంది. 2010లో జన్యుమార్పిడి చేసిన బీటీ వంకాయకు అనుమతి ఇవ్వాలా వద్దా అన్నప్పుడు నాటి పర్యావరణ మంత్రి జైరాం రమేశ్ జనవరి 13 నుంచి ఫిబ్రవరి 6 వరకు ఏడు నగరాల్లో బహిరంగ సభలు పెట్టారు. అందులో హైదరాబాద్ కూడా ఉంది. రైతులు, శాస్త్రవేత్తలు, కంపెనీల వాళ్ళు, వినియోగదారులు దాదాపు 8,000 మంది హాజరయ్యారు. కేకలు, గందరగోళం తక్కువేమీ కాలేదు. ఫిబ్రవరి 9న మంత్రి మారటోరియం (తాత్కాలిక నిలుపుదల) ప్రకటిస్తూ తన నిర్ణయానికి కారణాలన్నీ రాతపూర్వకంగా చెప్పి, వచ్చిన లేఖల్నీ పత్రాల్నీ దానికి జత చేసి బయటపెట్టారు. నిర్ణయం నచ్చని వాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. కానీ ఏ వాదన విని ఏ నిర్ణయం తీసుకున్నారో ఎవరైనా తెరిచి చదువుకోవచ్చు. అది చట్టం కూడా కాదు, ఒక పంటకు అనుమతి మాత్రమే. ఒక వంకాయకు చేసింది దేశమంతటి జీవవైవిధ్య చట్టానికి చేయలేమా?

ఊళ్ళోనే ఉన్న కమిటీ

ఈ సవరణలో అన్నిటికంటే ఆశ్చర్యం కలిగించేది ఇదే. జనాన్ని అడగడానికి కొత్త యంత్రాంగం ఏదీ అక్కర్లేదు. ఈ చట్టం కిందే దేశంలో 2.7 లక్షలకు పైగా జీవవైవిధ్య యాజమాన్య కమిటీలున్నాయి. 2004 నాటి నిబంధనలే వాటిలో కనీసం మూడో వంతు మహిళలు, 18 శాతం ఎస్సీ, ఎస్టీలు ఉండాలన్నాయి. ఒక ఊళ్ళోని జీవవనరుల మీద, వాటికి సంబంధించిన తెలివి మీద ఏ నిర్ణయం తీసుకున్నా జాతీయ సంస్థ, రాష్ట్ర మండలి ఆ ఊరి కమిటీని సంప్రదించి తీరాలని 41వ సెక్షన్ చెబుతోంది. సెక్షన్ మాట అనుమతుల గురించే, చట్ట సవరణ గురించి కాదు. అయినా ఒక్క కంపెనీ దరఖాస్తుకు ఊరిని అడగమన్న చట్టం, అన్ని కంపెనీలకూ ఒకేసారి వర్తించే మినహాయింపుకు ఏ ఊరినీ అడగకుండా మారిపోయింది. ముసాయిదా సారాంశాన్ని రాష్ట్ర మండళ్ళ ద్వారా కమిటీలకు పంపి, గ్రామసభల్లో చదివించి, తీర్మానాలు తెప్పించుకోవడానికి మూడు నెలలు చాలు. ఊళ్ళో చాటింపు వేయిస్తే చాలు.

అయితే ఈ కమిటీల గురించి కూడా నిజం చెప్పుకోవాలి. చట్టం వచ్చిన 14 ఏళ్ళకు, 2016లో జాతీయ హరిత ట్రిబ్యునల్‌లో కేసు పడేనాటికి, దేశంలో ఉన్న కమిటీలు 10 వేల లోపే. రిజిస్టర్లు 1,400 కూడా లేవు. 2020 జనవరి 31 లోగా పూర్తి చేయకపోతే నెలకు రూ.10 లక్షలు కట్టాలని ట్రిబ్యునల్ రాష్ట్రాలను హెచ్చరించాక అంకె ఒక్కసారిగా లక్షలకు లేచింది. భయంతో కట్టిన కమిటీల్లో చాలావాటికి తాము ఉన్న సంగతే తెలియదు. పంచాయతీ ఆఫీసు బీరువాలో రిజిస్టర్ ఉంటుంది, అందులో తన పేరున్న మనిషి దాన్ని చూసి ఉండడు. ఇలాంటి కమిటీని అడిగితే ఏం చెబుతుంది అన్న సందేహం సహజమే. కానీ పని అప్పగించని కమిటీ పని నేర్చుకోదు. ఏళ్ళ తరబడి ఊరి కమిటీకి ఢిల్లీ నుంచి ఒక్క ప్రశ్న కూడా రాకపోవడమే అది నిద్రపోవడానికి పెద్ద కారణం.

డబ్బు నిజంగా ఊరికి చేరితే పరిస్థితి మారుతుంది. ఆంధ్రప్రదేశ్‌లోనే అందుకు ఉదాహరణ ఉంది. ప్రపంచంలో శేషాచలం, నల్లమల, వెలిగొండల చుట్టుపక్కల తప్ప సహజంగా పెరగని ఎర్రచందనాన్ని సొంత పొలాల్లో సాగు చేసిన 198 మంది రైతులకు, ఆంధ్రా యూనివర్సిటీకి కలిపి 2025లో జాతీయ సంస్థ రూ.3 కోట్లు విడుదల చేసింది. చిత్తూరు, తిరుపతి, కడప, నెల్లూరు జిల్లాల్లోని 48 ఊళ్ళ రైతులు వీళ్ళు. ఒక్కొక్కరికి అమ్మిన కలపను బట్టి రూ.33 వేల నుంచి రూ.22 లక్షల దాకా వచ్చింది. ఎర్రచందనం అంటే స్మగ్లర్లు, కాల్పులు, కేసులు మాత్రమే గుర్తొచ్చే చోట ఈ చట్టం పేరు మీద రైతు ఖాతాలో డబ్బు పడటం చిన్న విషయం కాదు. రేపు ఈ చట్టానికి మరో సవరణ వస్తే ఆ 48 ఊళ్ళ రైతులు ఊరుకోరు, అడుగుతారు.

కోర్టు కొట్టేసిన చట్టం

అడగకుండా చేసిన చట్టానికి వేరే దేశంలో ఏమైందో ఒకసారి చూడాలి. దక్షిణాఫ్రికా 2004లో సంప్రదాయ వైద్యుల గురించి ఒక చట్టం చేసింది. మన నాటు వైద్యుల్లాంటి వాళ్ళ రిజిస్ట్రేషన్, నియమాలు అందులోని సంగతి. పార్లమెంటు రెండో సభ ఆ బిల్లు మీద ప్రజా విచారణలు జరపాల్సి ఉండగా జరపలేదు. 2006లో ‘డాక్టర్స్ ఫర్ లైఫ్’ కేసులో అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం ఆ చట్టం చెల్లదని తేల్చింది. చట్టంలోని విషయంలో తప్పుందని కాదు, చేసేటప్పుడు జనాన్ని అడగలేదని. సరిదిద్దుకోవడానికి పార్లమెంటుకు 18 నెలల గడువిచ్చింది. చట్టాలు చేసేటప్పుడు ప్రజలకు పాత్ర ఉండేలా చూడాలని వాళ్ళ రాజ్యాంగంలోనే రాసి ఉంది, అందుకే కోర్టుకు ఆ అధికారం దక్కింది. మన 2014 విధానానికి చట్టబద్ధత లేదు కాబట్టి ఇక్కడ అలాంటి కేసు నిలబడదు. ఆ విధానాన్ని చట్టంగా మార్చమని అడగడం ఏ ఒక్క బిల్లు మీద అభ్యంతరం రాయడం కంటే ముఖ్యమైన డిమాండ్.

ఈలోగా నిబంధనలు, మార్గదర్శకాలు మారుతూనే ఉంటాయి. సవరణ తర్వాత 2024లో కొత్త నిబంధనలు, 2025లో ప్రయోజనాల పంపిణీకి కొత్త నియమాలు వచ్చాయి. చట్టం కంటే నిబంధనల్లోనే రైతుకు, సేకరణదారుకు తగిలే సంగతులు ఎక్కువ. సాగు చేసిన మొక్కకు ధ్రువపత్రం ఎవరు రాస్తారు, ఫీజు ఎంత, తప్పుడు పత్రం ఇస్తే ఏమవుతుంది, ఊరికి రావాల్సిన వాటా ఎన్ని నెలల్లో రావాలి, ఇవన్నీ అక్కడే తేలతాయి. ముసాయిదా బయటికి వచ్చినప్పుడు ‘ఈ చట్టం వద్దు’ అని ఒక్క వాక్యం రాసి పంపితే అది లెక్కలో ఒక అంకెగా మిగులుతుంది. ఫలానా క్లాజులో ఫలానా మాట మా ఊళ్ళో ఇలా దెబ్బ కొడుతుంది, దాన్ని ఇలా మార్చండి అని ఊరి ఉదాహరణతో రాస్తే అధికారి దానికి ఫైల్లో జవాబు రాయాల్సి వస్తుంది. గ్రామసభ తీర్మానంగా పంపితే ఇంకా బలం, ఒక మనిషి ఉత్తరాన్ని పక్కన పెట్టినంత తేలికగా ఊరి తీర్మానాన్ని పక్కన పెట్టలేరు. తెలుగులోనే రాయొచ్చు. పంపాక ఊరుకోకుండా, ఆ అభిప్రాయాల మీద శాఖ ఏం నిర్ణయించిందో సమాచార హక్కు చట్టం కింద అడగాలి.

అన్నిటికంటే ముందు చేయగలిగిన పని ఒకటుంది. పంచాయతీ ఆఫీసుకు వెళ్ళి మన ఊరి జీవవైవిధ్య కమిటీలో ఎవరున్నారో, రిజిస్టర్ ఎక్కడుందో అడగాలి. తీసి చూస్తే అందులో పక్క మండలం చెట్ల పేర్లు ఉండొచ్చు, సగం పేజీలు ఖాళీగా ఉండొచ్చు. ఆ ఖాళీ పేజీల్లో ఏం రాయాలో తెలిసిన వాళ్ళు ఊళ్ళో ఇంకా ఉన్నారు.